మూగజీవి దురదకు మూలమెక్కడ?



ఇంటి కావలికై తెచ్చుకొని, కాలక్రమమున కుటుంబములో ఒకరిని చేసికొన్న లాబ్రడారో, అల్సేషియనో, గోల్డెన్ రిట్రీవరో, అర్ధరాత్రి దాటినను నిదురింపక, వెనుకకాలితో చంకలను గోకుకొనుచు, ముందుకాళ్ల వ్రేళ్లసందులను ఎడతెగక నాకుకొనుచు, గోడకు మూతి రాచుకొనుచు ఉండగా, ఆ చప్పుడునకు మేలుకొని, దీపము వెలిగించి, ఏమి చేయుటకును తోచక నిలుచుండిపోవు యజమానులు నేడు మన పట్టణములలో పెక్కుమంది కలరు. వారిలో కొందరు మరునాడు సబ్బు మార్చుదురు. కొందరు ఆహారపు సంచిని మార్చుదురు. మరికొందరు మందులదుకాణమునకు పోయి, పూర్వము ఎవరికో పనిచేసినదని విన్న బిళ్లలను తెచ్చి మ్రింగింతురు. పది దినములు కొంత శాంతించినట్లు తోచును. పదునొకండవ దినమున మరల మొదటికే వచ్చును. ఈ విధముగా నెలలు గడచి, చర్మము నల్లబడి ఏనుగుతోలువలె దళసరియై, దుర్వాసన వేయు స్థితికి వచ్చినపిదప ఆ జంతువును వైద్యునియొద్దకు తీసికొనిపోవుట మన దేశమున సర్వసాధారణముగా జరుగుచున్నది.

నేడు నేను మీకు మనవి చేయదలచినది ఒక్కటే. దురద అనునది స్వయముగా ఒక వ్యాధి కాదు. పెక్కు వ్యాధులకు ఉమ్మడియైన లక్షణము. దాని మూలమును వెదకుటకు పశువైద్యశాస్త్రము ఒక క్రమమును ఏర్పరచియున్నది. మొదట పరాన్నజీవులు, తరువాత చర్మమును పట్టిన క్రిములు, ఆ రెండును తొలగినపిదపనే ఆహారము, అటుపిమ్మట పరిసరములు: ఇదియే ఆ క్రమము. దీనిని తప్పించి, నేరుగా ఆహారముపై నేరము మోపి సంచులు మార్చువారు ధనమును, కాలమును వ్యయపరచుటయేగాక, ఆ మూగజీవి బాధను పొడిగించువారగుదురు.

పెద్దజాతి కుక్కలనే ప్రత్యేకించి పేర్కొనుటకు కారణములు కలవు. లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, మనవారు అల్సేషియన్ అని పిలుచు జర్మన్ షెపర్డ్, ఈ మూడు జాతులయందును ఎలర్జీకి లోనగు స్వభావము వంశపారంపర్యముగా సంక్రమించుట కానవచ్చుచున్నది. దట్టమైన రెండుపొరల బొచ్చుగల జాతులలో స్నానానంతరము తేమ చర్మమునంటి నిలిచిపోయి, ఒక్క రాత్రిలోనే అరచేయంత చెమ్మపుండు పుట్టుట కలదు. డోబర్మన్, గ్రేట్ డేన్, లాబ్రడార్ వంటివి ముందుకాలి మణికట్టువద్ద ఒకే చోటును నాకి నాకి, మానని గట్టిపుండుగా చేసికొనుట పశువైద్యులు తరచుగా చూచు విషయము. అన్నింటికంటె ముఖ్యమైనది తూకము. 12 కిలోల కుక్కకు ఉద్దేశింపబడిన మందును 35 కిలోల కుక్కకు వాడి, పనిచేయలేదని నిరాశచెందుట పలుమారులు జరుగుచున్నది. కావున పెద్దకుక్కను పెంచువారు మొట్టమొదట దాని నేటి తూకము నెరిగియుండవలెను. త్రాసుపై అది నిలువకున్నచో, దానిని ఎత్తుకొని ఒకమారును, ఎత్తుకొనక ఒకమారును మీరే త్రాసుపై నిలుచుండి, ఆ భేదమును లెక్కగట్టవచ్చును. ఎత్తనలవికానంత బరువుగలదైనచో పశువైద్యశాలలోని నేలత్రాసు కలదు.

ఇక లక్షణములను గూర్చి. ఆరోగ్యముగానున్న కుక్కయు దినమునకు కొన్నిమారులు గోకుకొనును. అది దోషము కాదు. కాని నిదుర చెడునంతగా గోకుకొనుట, ఆటలోను నడకలోను మధ్యలో ఆగి కూర్చుండి గోకుకొనుట, పాదములను నాకుటచేత తెల్లబొచ్చు తుప్పురంగునకు తిరుగుట, చెవులు తరచు కారుచు గుబిలి వాసన వేయుట, పిరుదులను నేలకు రాచుచు ప్రాకుట, ఇవియన్నియు దురదకు చిహ్నములే. పాదములను నాకుట అలవాటనియు, చెవి కారుట స్నానపు నీరు చేరుటవలననే యనియు భావించి ఉపేక్షించువారు కలరు. ఒక చెవి మందుతో మాని, నెల తిరుగకముందే మరల కారనారంభించినచో, ఆ దోషము చెవిలో గాక సర్వశరీర చర్మమునందున్నదని శంకింపవలెను.

మొదటి మెట్టు పరాన్నజీవులు. ఫ్లీ అని వైద్యులు పిలుచు, రెక్కలు లేకయే ఎగిరి దూకు చిన్న కీటకము వీనిలో ప్రధానమైనది. దీని లాలాజలమునకు ఎలర్జీగల కుక్కను కొలది కాట్లే వారముల తరబడి వేధింపగలవు. అందుచేత ఒంటిపై కీటకము కానరాకున్నను అది కారణము కాదని నిశ్చయింపరాదు. నడుము వెనుకభాగమును, తోకమొదలును, తొడల వెనుకవైపును ముఖ్యముగా కొరుకుకొనుచున్నచో ఈ కీటకమునే ముందుగా అనుమానింపవలెను. కుక్కను తెల్లని కాగితముపై నిలిపి, సన్నని దువ్వెనతో వెన్ను దువ్వి, రాలిన నల్లని నలుసులపై నాలుగు నీటిచుక్కలు వేయగా అవి ఎర్రబారినచో, అది ఆ కీటకము జీర్ణించుకొని విసర్జించిన రక్తమే. ఆడుకీటకము దినమునకు నలువది యేబది గ్రుడ్లను పెట్టగలదు. ఆ గ్రుడ్లు బొచ్చునుండి జారి, పక్కబట్టలలోను, చాపల క్రిందను, సోఫా సందులలోను చేరి పగులగా, వానినుండి వెలువడిన పురుగులు గూడు కట్టుకొని, అనుకూలమైన కాలమునకై నెలల తరబడి వేచియుండగలవు. కావున మందు కుక్కకు మాత్రమే వేసి ఇంటిని విడిచినచో ఫలితముండదు. పక్కబట్టలను వేడినీట నుతికి, మూలమూలలను ఊడ్చి, ఇంటిలోని తక్కిన కుక్కలకును పిల్లులకును ఏకకాలమున చికిత్స చేయవలెను. అయితే కుక్కలకై తయారైన పెర్మెత్రిన్ మందు పిల్లులకు ప్రాణాంతకమని మరువరాదు. పిల్లికి పిల్లిమందే వాడవలెను.

తరువాతిది గజ్జి. కంటికానని ఒక సూక్ష్మకీటకము చర్మములో సొరంగములు త్రవ్వి కలిగించు ఈ వ్యాధి చెవుల అంచులను, మోచేతులను, వెనుకకాళ్ల మడమలను ఆశ్రయించును. చెవి అంచును వ్రేళ్లనడుమ ఉంచి మెల్లగా రాచినంతనే వెనుకకాలు తనంతతానే గోకుటకు లేచినచో గజ్జిని అనుమానింపవచ్చును. ఇంటిలో మనుష్యులకును చేతులపై, పొట్టపై ఎర్రని పొక్కులు లేచి దురదపెట్టుచున్నచో ఆ అనుమానము బలపడును. ఏలయన ఇది కుక్కనుండి మనుష్యులకును సోకును. చర్మమును గీకి సూక్ష్మదర్శినిలో చూచుటయే దీనికి పరీక్ష. ఒక్కొక్కప్పుడు కీటకము దొరకకపోయినను, వైద్యులు మందిచ్చి ఫలితమును బట్టి నిర్ధారింతురు. ఈ సందర్భమున ఒక హెచ్చరిక అవసరము. మన దేశమున గజ్జికి ఐవర్మెక్టిన్ సూదిమందును విరివిగా వాడుదురు. కోలీ మొదలైన గొర్రెలకాపరి జాతులలో పెక్కింటికి ఒక జన్యులోపమువలన ఆ మందు మెదడులోనికి చొచ్చుకొనిపోయి, మూర్ఛను, మరణమును సైతము కలిగింపవచ్చును. ఆ జన్యువును 2001లో వాషింగ్టన్ రాష్ట్ర విశ్వవిద్యాలయమునకు చెందిన కత్రీనా మీలీ బృందము గుర్తించెను. కావున జాతి యేదో చెప్పక, వైద్యుని అడుగక, పశువులకు వాడు మందును కుక్కకు పొడుచుట సర్వథా కూడనిది.

రెండవ మెట్టు క్రిములు. కుక్కచర్మము మన చర్మముకంటె పలుచనిది. దాని పైపొరలో మూడునుండి అయిదు వరుసల కణములు మాత్రమే ఉండును. గోకుటచేత ఆ పొర చిరిగినంతనే, సహజముగా చర్మముపైననే నివసించు స్టెఫిలోకాకస్ జాతి బాక్టీరియాయు, మలసీజియా అను ఈస్టును విజృంభించును. చీముపొక్కులు, గుండ్రని పొలుసులు, జిడ్డు, పులిసిన వాసన వీని గుర్తులు. ఇవి స్వయముగా దురదను పెంచును. దురద గోకుటను, గోకుట మరల క్రిములను పెంచును. మన కోస్తాజిల్లాలయందు, ముఖ్యముగా తొలకరినుండి కార్తికమువరకు, గాలిలోని తేమచేత ఈ చక్రము మరింత వేగముగా తిరుగును. ఎలర్జీగల కుక్కలో క్రిములను తొలగింపక ఆహారము మాత్రమే మార్చినచో, ఆహారము సరియైనదైనను దురద తగ్గదు. తగ్గకపోవుటచేత ఆ ఆహారము నిష్ప్రయోజనమని యజమాని తప్పుగా తీర్మానించును. క్లోర్‌హెక్సిడిన్ కలిసిన వైద్యపు షాంపూను వైద్యుని సలహాపై, నురుగు పట్టించి పదినిమిషములు ఆగి కడుగవలెను. వెంటనే కడిగిన షాంపూ ప్రయోజనము చాల తక్కువ. పెద్దకుక్కను స్నానము చేయించుటకంటె ఆరబెట్టుట కష్టము. ఐనను చంకలు, గజ్జలు, వ్రేళ్లసందులు, చెవితమ్మెల వెనుకభాగము పూర్తిగా ఆరువరకు బట్టతో అద్దుట తప్పనిసరి. మనుష్యుల షాంపూలు ఆమ్లగుణమున మన చర్మమునకు సరిపోవునట్లు చేయబడినవి. కుక్కచర్మమునకు వాని నిత్యోపయోగము తగదు.

ఈ రెండు మెట్లును దాటినపిదపను దురద నిలిచియున్నచో ఎలర్జీని గూర్చి ఆలోచింపవలెను. ఎలర్జీని గూర్చిన మన తొలి జ్ఞానములో పెద్దపాలు కుక్కలనుండి లభించినదని మీలో కొందరికి తెలిసియుండవచ్చును. 1901లో మొనాకో ప్రభువగు మొదటి ఆల్బర్టు సముద్రయాత్రలో సముద్రజంతువుల విషమును పరిశీలించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞులు షార్ల్ రిషే, పోల్ పోర్టియే స్వదేశమునకు తిరిగివచ్చి, అట్టి విషమును కుక్కలకు స్వల్పమాత్రలో ఇచ్చి చూచిరి. నెప్ట్యూన్ అను బలిష్ఠమైన కుక్క మొదటి మాత్రను సునాయాసముగా తట్టుకొనెను. కొన్ని వారముల పిదప మరల స్వల్పమాత్రనే ఇయ్యగా అరగంటలోపుననే ప్రాణము విడిచెను. రక్షింపవలసిన శరీరమే మొదటి పరిచయముచేత తీవ్రమైన వైరమును పెంచుకొనునను ఈ సత్యమును వారు 1902లో ప్రకటించిరి. అందులకై రిషేకు 1913లో నోబెల్ బహుమానము లభించెను. ఆ జంతువుల ప్రాణములతో సంపాదించిన జ్ఞానమును నేడు ఆ జాతి ఉపశమనమునకు వినియోగించుట మనకు విధి.

కుక్కచర్మపు ఎలర్జీకి హేతువులు ప్రధానముగా మూడు: ఫ్లీ కాటు; ఇంటిధూళిలోని సూక్ష్మకీటకములు, పుప్పొడులు, బూజులవంటి పరిసరద్రవ్యములు; తినెడి ఆహారము. వీనిలో ఏదియో ఒక్కటియే ఉండవలెనను నియమము లేదు. కుండలో నాలుగువైపులనుండి నీరు చేరుచుండగా, అంచువరకు నిండుదాక ఏమియు తెలియక, ఆ మీదట పడిన ఒక్క చెంబెడుతో పొరలిపోవునట్లు, కొంత ధూళి, కొంత పుప్పొడి, కొంత క్రిమి, కొంత ఆహారము కలిసి ఒక హద్దును దాటినపుడే దురద బయటపడును. అందుచేత ఒక్క కారణమును తొలగించినను, తక్కినవి మిగిలియున్నను, జంతువు సుఖపడు అవకాశము కలదు. సంపూర్ణముగా నయము కాలేదని చికిత్సను మధ్యలో విడుచువారికి ఈ విషయము ముఖ్యముగా తెలియవలెను.

ఇపుడు ఆహారమును గూర్చి విపులముగా చెప్పెదను. ఏలయన అపోహలు మెండుగా ఉన్నది ఇచ్చటనే. మొదటి అపోహ, క్రొత్త ఆహారమే ఎలర్జీని కలిగించునని. వాస్తవమున శరీరము ఎరిగిన పదార్థముపైననే వైరము పూనును. కావున ఏండ్ల తరబడి ఆప్యాయముగా తినుచున్న పదార్థమే దోషియగుట సర్వసాధారణము. రెండవ అపోహ, ధాన్యములే దోషులని, మాంసము ఎన్నడును దోషి కాదని. 2016లో రాల్ఫ్ మ్యూలర్, థియెరీ ఓలివ్రీ, పాస్కల్ ప్రేలో అను చర్మశాస్త్రజ్ఞులు అంతవరకు ప్రకటితమైన 297 కుక్కల వివరములను క్రోడీకరించి చూడగా, గోమాంసము నూటికి 34, పాలు, పాలపదార్థములు 17, కోడిమాంసము 15, గోధుమ 13, గొర్రెమాంసము 5 చొప్పున కారణములని తేలెను. బియ్యము నూటికి రెండింట మాత్రమే కనబడెను. ఈ లెక్కలు అధికముగా పాశ్చాత్యదేశముల కుక్కలవి. మన ఇండ్లలో కుక్క పళ్లెము వేరు. పెరుగన్నము, పాలు, కోడిచర్మముతోను ఎముకలతోను ఉడికించిన అన్నము, గ్రుడ్లు, చపాతీముక్కలు, సాయంత్రము టీతోపాటు రెండు బిస్కట్లు: వీనిని పరికింపగా పాలు, కోడి, గోధుమ అను మూడు పేరుమోసిన హేతువులును మన దైనందిన భోజనములోనే చేరియున్నవని స్పష్టమగుచున్నది. అన్నము నిందితుల వరుసలో చాల వెనుకనున్నది. కాని అన్నముతో కలిపినదానినే మన మెన్నడును లెక్కింపము.

ఆహారపు ఎలర్జీ ఋతువుతో నిమిత్తము లేక సంవత్సరమంతయు బాధించును. ఏడాది నిండని పిల్లలలోను, ఏడెనిమిదేండ్ల ముసలితనమున హఠాత్తుగాను పుట్టవచ్చును. పాదములు, చెవులు, చంకలు, గజ్జలు, మలద్వారపు పరిసరములు దీనికి ప్రియమైన స్థానములు. దినమునకు మూడుమారులకు మించి విరేచనమగుట, వాయువు, అపుడపుడు వాంతి, ఇవి చర్మపు దురదతో కలిసి కానవచ్చినచో ఆహారముపై అనుమానము హెచ్చును. కాని చర్మమును కంటితో చూచినంత మాత్రమున ఇది ఆహారమువలననా, ధూళివలననా అని చెప్పగల వైద్యుడు లేడు. రక్తము, లాలాజలము, వెంట్రుకలను పంపి ఆహారపు ఎలర్జీని పట్టుకొందుమని చెప్పు పరీక్షలు నమ్మదగినవి కావని చర్మశాస్త్రజ్ఞుల నిశ్చితాభిప్రాయము; ఆహారము కలిగించు ప్రతిక్రియలలో పెక్కు గంటలకో దినములకో మెల్లగా పైకితేలునవి యగుటచేత అవి రక్తములోని ఒక్క ద్రవ్యమును కొలిచి తెలిసికొనుటకు లొంగవు. ఎలర్జీ లేని కుక్కలకును ఆ పరీక్షలు లేనిపోని పట్టికలను చేతికిచ్చుట కలదు. నమ్మదగిన పరీక్ష ఒక్కటియే: అనుమానాస్పదమైన ఆహారమును పూర్తిగా మాన్పించి, శరీరమెరుగని ఆహారమును నియమముగా పెట్టి, ఫలితమును చూచి, తిరిగి పాత ఆహారమును పెట్టి నిర్ధారించుట.

ఈ పథ్యము ఎన్నాళ్లు? 2015లో పైన పేర్కొన్న శాస్త్రజ్ఞులే తేల్చినదేమనగా, ఆహారపు ఎలర్జీగల కుక్కలలో నూటికి 80 అయిదు వారములలో మేలుపొందెను. ఎనిమిది వారములలో 90కి పైగా మేలుపొందెను. కావున పది దినములు చూచి మానివేయు పరీక్ష పరీక్షయే కాదు. ఎనిమిది వారములు ఆగుటకు సిద్ధపడనివారు దీనిని ఆరంభింపకుండుటయే మంచిది.

పథ్యము రెండు విధములు. పశువైద్యులు ఇచ్చు జలవిశ్లేషిత ఆహారములలో మాంసకృత్తులను శరీరము గుర్తింపజాలనంత చిన్న ఖండములుగా చేసియుందురు. ఇది సులభమైనది, పెద్దకుక్కకు వ్యయము మాత్రము అధికము. రెండవది, ఆ కుక్క పుట్టుకనుండి తినని మాంసమును, పిండిపదార్థమును కలిపి ఇంట వండుట. ఎంపికలో మెలకువ కావలెను. కోడి సరిపడని కుక్కకు కౌజుపిట్టయో బాతో క్రొత్తదని తోచును. కాని పక్షిజాతుల మాంసములయందు సాజాత్యముండుటచేత అవియు సరిపడకపోవచ్చును. అట్లే ఆవుపాలకును, గోమాంసమునకును, గొర్రెమాంసమునకును సంబంధము కలదు. అందుచేత చేపను ఎన్నడును రుచిచూడని కుక్కకు చేప, చిలగడదుంప తగిన జోడు; సముద్రతీరపు ఇండ్లలో దినమును చేప తినుచున్న కుక్కకు అదే జోడు నిరుపయోగము. కావున మొదట కూర్చుండి, ఆ కుక్క ఇంతవరకు తినిన పదార్థములన్నింటిని ఒక కాగితముపై వ్రాయుడు.

పరిమాణమునకు ఒక ఉదాహరణ చెప్పెదను. 30 కిలోల ఆరోగ్యవంతమైన ఎదిగిన కుక్కకు దినమునకు సుమారు 1400 కిలోకేలరీలు కావలెను. కొవ్వుతక్కువ చేప అరకిలో, చిలగడదుంప కిలో, ఆవిరిపై ఉడికించి ముల్లు తీసి రెండుపూటలకు పంచినచో, స్వల్పముగా నూనె కలుపగా దాదాపు ఆ శక్తి సమకూరును. ఉల్లి, వెల్లుల్లి కుక్కలకు విషతుల్యములగుటచేత తాలింపు వేయరాదు. కారము, మసాలా అసలే వలదు. ఈ భోజనములో కాల్షియము, కొన్ని ఖనిజములు, విటమినులు లోపించును. ఎదిగిన కుక్క దీనిని ఎనిమిది వారములు సహింపగలదు గాని, అంతకు మించినచో వైద్యుని చేత లోపమును పూరింపించుకొనవలెను. ఎదుగుచున్న పెద్దజాతి పిల్లల విషయము వేరు. వాని ఎముకలు కాల్షియము తక్కువైనను, ఎక్కువైనను వంకరపోవును; వానికి ఇంటివంటను స్వయముగా ప్రయోగింపరాదు, వైద్యుడు నిర్ణయించిన సంపూర్ణాహారమునే పెట్టవలెను. పాతదానినుండి క్రొత్తదానికి ఒక్కసారిగా మారక, అయిదారు దినములు కొంచెము కొంచెముగా మార్చినచో విరేచనములు పట్టవు.

పథ్యము విఫలమగుట పెక్కుమారులు వంటవలన గాక ఇంటివారివలన జరుగును. అమ్మ నియమము పాటించును. కుర్రవాడు బడినుండి వచ్చి చేతిలోని బిస్కట్టులో సగము విరిచి వేయును. తాతగారు పెరుగన్నము తిని లేవగానే ఆకు చివర మిగిలిన నాలుగు మెతుకులు పెట్టుదురు. పనిమనిషి జాలిపడి పాలగిన్నె అడుగు నాకనిచ్చును. కావలివాడు టీకొట్టునుండి తెచ్చిన రొట్టె పంచుకొనును. పిల్లి గిన్నెలో మిగిలినది పోయి తినును. నులిపురుగులకై ఇచ్చు మెత్తని బిళ్లలకు మాంసపు రుచి కూర్చియుందురు. కొరుకుటకిచ్చు తోలుముక్కలు పశువు చర్మముతో చేసినవే. మందుబిళ్లను దాచుటకు వాడు జున్నుముక్కయు పాలపదార్థమే. దుకాణములలో దొరకు సాధారణపు సంచులలో, పైన వ్రాసినవిగాక ఇతర మాంసముల అవశేషములు కలిసియుండుట పలు పరిశోధనలలో బయటపడినది. కావున ఇల్లెల్ల ఒక్క మాటపై నిలువవలెను. వంటయింటి గోడపై ఒక కాగితమును అంటించి, ఈ ఎనిమిది వారములు కుక్కకు ఏమి పెట్టవచ్చునో ఏమి పెట్టరాదో పెద్ద అక్షరములతో వ్రాయుట మంచి పద్ధతి. బహుమానము కోరు కుక్కకు, ఆ భోజనములోని చిలగడదుంపముక్కనే ఎండబెట్టి బహుమానముగా ఇయ్యవచ్చును. నడకకు పోయినపుడు వీధిలోని ఎంగిలాకుల జోలికి పోకుండ మెడత్రాటిని దగ్గరగా పట్టుకొనవలెను.

ప్రతిదినమును రాత్రి, సున్ననుండి పదివరకు గల కొలతలో ఆ దినపు దురదకు ఒక అంకె వేసి పుస్తకములో వ్రాసికొనుడు. తొలివారములలో వైద్యుడు దురద తగ్గించు మందిచ్చినచో తప్పుకాదు. బాధపడుచున్న జంతువును ప్రయోగము పేరుతో బాధలోనే ఉంచుట ధర్మము కాదు. కాని ఆ మందు మానిన పిదప ఆహారముతో మాత్రమే దురద అణగియుండినపుడే ఆహారము పనిచేసినదనవలెను.

ఎనిమిది వారములలో మేలు కనబడినదనుకొందము. చాలమంది ఇచ్చటనే ఆగుదురు. మరల దురద వచ్చునేమోయను భయముచేత పాత ఆహారమును పెట్టరు. ఐనను ఈ మెట్టు విడువరానిది. ఆ ఎనిమిది వారములలో ఋతువు మారియుండవచ్చును, షాంపూ పనిచేసియుండవచ్చును, ఫ్లీ మందు ఫలించియుండవచ్చును; ఆహారమే కారణమని తేల్చుటకు ఆ పాత ఆహారమును తిరిగి పెట్టుట తప్ప మార్గము లేదు. నిజముగా ఎలర్జీ ఉన్నచో సాధారణముగా కొలది దినములలోనే, మించినచో రెండు వారములలోపున దురద మరల మొదలగును. మొదలైనంతనే పథ్యమునకు మరలి, శాంతించిన పిదప కోడి ఒక్కటి, తరువాత పాలు ఒక్కటి, తరువాత గోధుమ ఒక్కటి చొప్పున, ఒక్కొక్కదానికి రెండేసి వారములిచ్చి పరీక్షింపవలెను. ఇట్లు దోషిని పేరుతో పట్టుకొన్న యజమాని జీవితాంతము అయిదారు పదార్థములను నిషేధింపక, ఒక్కదానినే విడిచి, తక్కిన భోజనమును నిశ్చింతగా పెట్టగలడు. ఈ ఒక్క లాభమునకై ఆ శ్రమయంతయు సార్థకము.

పథ్యమును నియమముగా నడిపినను మేలు కనబడకున్నచో, అది వ్యర్థమైన శ్రమ కాదు. ఆహారము నిర్దోషియని తేలినది. ఇక మిగిలినది పరిసరముల ఎలర్జీ. సాధారణముగా ఇది ఆరు నెలలకును మూడేండ్లకును మధ్య వయసున మొదలగును. దీనికి సంపూర్ణ నివారణము లేదు. కాని జీవితాంతము అదుపులో ఉంచుటకు సాధనములు నేడు పూర్వముకంటె మెండుగా ఉన్నవి. వారమునకొక వైద్యస్నానము, చేపనూనెలోని కొవ్వు ఆమ్లములు, దురద సందేశమును నరములకు అందకుండ ఆపు ఓక్లసిటినిబ్ బిళ్లలు, లోకివెట్‌మాబ్ సూదిమందు, ఎలర్జీ ద్రవ్యములనే స్వల్పమాత్రలో ఇచ్చి శరీరమును మచ్చికచేయు చికిత్స, ఇవి వైద్యులు వాడుచున్నవి. స్టెరాయిడ్ మందులు త్వరగా శాంతింపజేయును. కాని యజమాని స్వయముగా నెలల తరబడి వాడినచో దాహము, ఆకలి, మూత్రము పెరిగి, కండరములు కరగి, చర్మమే పలుచబడి, క్రిములు మరింత చేరును. ఆరంభించుటకును, మెల్లగా తగ్గించుటకును, మానుటకును వైద్యుని ఆజ్ఞయే ప్రమాణము.

కొన్ని నిషేధములను చెప్పి ముగించెదను. కిరోసిన్ పూయరాదు. పశువుల దొడ్లలో చల్లు మందును నీట కలిపి కుక్కకు పోయరాదు. మన గాయములకు వాడు క్రిమినాశక ద్రావణమును చిక్కగా పూయరాదు. కుక్క దానిని నాకును. మనుష్యుల జలుబుబిళ్లలను ఎలర్జీకని ఇయ్యరాదు. వానిలో కలిసిన ఇతర మందులు గుండెను కలవరపెట్టును. దురద రేగినపుడు చల్లని నీటితో తడిపిన బట్టను అద్దుట, మెడకు కంఠకవచము తొడుగుట, గోళ్లు కత్తిరించుట, ఈ మూడును నిరపాయములు. ముఖము వాచుట, ఊపిరి ఆడకుండుట, పదేపదే వాంతియై తూలిపడుట కానవచ్చినచో అది చర్మవ్యాధి కాదు, ప్రాణాపాయము. ఆ క్షణమే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. చర్మమును గీకి పరీక్షించు సదుపాయము రాజేంద్రనగరము, తిరుపతి, గన్నవరములందలి పశువైద్య కళాశాలల ఆసుపత్రులలోను, పట్టణములలోని పెక్కు వైద్యశాలలలోను కలదు. ఆ పరీక్షకు కొలది నిమిషములే పట్టును. దానిని చేయింపక నెలలు గడపుటకు కారణము లేదు.

శ్రోతలారా, కుక్క తన భోజనమును తాను ఎన్నుకొనదు, తన మందును తాను కొనదు, తన బాధను తేదీలతో చెప్పదు. ఆ మూడు పనులును దాని పక్షమున మనము చేయుదుమని ఒప్పుకొనియే దానిని ఇంటికి తెచ్చుకొంటిమి. తూకము తెలిసికొనుట, తినినదంతయు వ్రాయుట, కీటకమును తొలగించుట, క్రిమిని మాన్పుట, ఎనిమిది వారములు ఇల్లెల్ల ఒక్క మాటపై నిలిచి పథ్యము నడుపుట, ధైర్యముతో తిరిగి పరీక్షించుట, ఇవియేవియు మహావిద్యలు కావు. ఓపికయు, క్రమమును గల సామాన్య గృహస్థు ఎవడైనను చేయగలవాడే. మీ ఇంట దురదతో బాధపడు కుక్క ఉన్నచో, ఆహారపు సంచిని మార్చుటకు ముందు, రేపటి ఉదయముననే వైద్యునియొద్ద చర్మపరీక్ష చేయింపుడు. తక్కిన మెట్లన్నియు అటనుండి వరుసగా వచ్చును.